దెయ్యానికి జోకు రాయకండి

హారర్ కామెడీ సీను రాయడానికి కూర్చుంటే డైలాగు కంటే ముందు ఒక్క ముక్క తేల్చుకోవాలి. ఈ సీన్లో భయం ఎవరిది, నవ్వు ఎవరిది? భయం దెయ్యానిది. నవ్వు దెయ్యాన్ని చూసి వణికేవాడిది. రెండూ ఒకరి చేతికే ఇచ్చారా, సీను పోయినట్టే. హాల్లో జనం నవ్వరు, భయపడరు, ఫోన్లు బయటికి తీస్తారు.

మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పండితులు, ఈ చిక్కును ఎప్పుడో పట్టుకున్నారు. 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో హాస్యానికి శత్రువులెవరో లెక్క చెప్పాడు: భయానకం, కరుణ. అంతకు ఐదు వందల ఏళ్ల ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో, పడని రసాల్ని ఒకే కావ్యంలో ఎలా ఇమడ్చాలో దారులు చూపించాడు. ఒకటి ఆశ్రయాన్ని, అంటే రసం ఏ పాత్రలో ఉంటుందో ఆ పాత్రను, మార్చడం. వీరం నాయకుడిలో ఉంటే భయాన్ని అతని ప్రత్యర్థిలో పెట్టాలి. రెండోది, ఆ రెండు రసాలూ ఒకదాన్నొకటి ఆనుకుని రాకుండా, ఇద్దరికీ పడే మూడో రసాన్ని మధ్యలో నిలబెట్టడం. ఇక నాట్యశాస్త్రంలో ఉన్న మాట నాకు మరీ ఇష్టం. భయానకానికి రంగు నలుపు, దేవత కాలుడు. హాస్యానికి రంగు తెలుపు, దేవత ప్రమథుడు. ప్రమథులంటే శివుడి వెంట తిరిగే భూతగణం. నవ్వుకు అధిదేవతగా భూతగణాన్నే కూర్చోబెట్టిన సంప్రదాయం మనది.

ఈ ఆశ్రయం సంగతి పుస్తకాల్లో ఉండిపోయే విషయం కాదు. కెమెరా ఎక్కడ పెట్టాలి, చప్పుడు ఎంత పెట్టాలి, రీరికార్డింగ్‌లో ఏది తీసెయ్యాలి అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ముందు ఎక్కువగా జరిగే పొరపాటు చూద్దాం. 2013లో ప్రేమకథా చిత్రమ్ ఆడాక తెలుగులో ఈ తరహా సినిమాలు వరసకట్టాయి. ఆ వరసలో మళ్లీ మళ్లీ కనబడే సీను ఒకటుంది: దెయ్యం కమెడియన్ చెంప పగలగొడుతుంది. మొదటి దెబ్బకు హాలు ఘొల్లుమంటుంది, నిజమే. కానీ ఆ దెబ్బతోనే ప్రేక్షకుడికి ఒక సంగతి తెలిసిపోయింది. ఈ దెయ్యం చెయ్యగల పెద్ద ఘోరం చెంపదెబ్బే! కొట్టించుకున్నవాడు బుగ్గ రుద్దుకుంటూ లేచి నిలబడ్డాడు. ఇక అక్కణ్ణుంచి అది ఎంత అరిచినా, ఎన్ని తలుపులు బద్దలుకొట్టినా, సౌండు పెరుగుతుందే తప్ప భయం పెరగదు. దెయ్యం ఏం చెయ్యగలదో తెలియనంతసేపే దానికి బలం.

ఆ సీను వదులుకోనక్కర్లేదు, తలుపు మూస్తే చాలు. కమెడియన్ గదిలోకి వెళ్లాడు, తలుపు దానంతటదే మూసుకుంది. బయట ముగ్గురు చెవులు తలుపుకు ఆనించారు. లోపల్నుంచి అరుపు లేదు, చప్పుడు లేదు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. వాడు నిక్షేపంలా బయటికొచ్చాడు. "లోపలెవరూ లేర్రా, ఊరికే భయపడి చచ్చాం" అన్నాడు. వాడి తలకు నున్నగా నూనె రాసి, మధ్య పాపిడి తీసి ఉంది. నుదుట కాటుక బొట్టు. బుగ్గన దిష్టిచుక్క. వాడికి ఆ సంగతి తెలియదు. ఎదురుగా ఉన్న ముగ్గురికీ తెలుసు, మనకీ తెలుసు. నలభై ఏళ్ల మనిషి బుగ్గన దిష్టిచుక్క చూడగానే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఆగేలోపే, లోపలున్నది బిడ్డను పోగొట్టుకున్న తల్లి అని మనసుకు తడుతుంది. దెయ్యం జోకు వెయ్యలేదు, బిడ్డను ముస్తాబు చేసింది. నవ్వు వాడి దగ్గర, భయం ఆమె దగ్గర.

చచ్చినవాడు జోకులేస్తే తప్పేంటి అనేవాళ్లు జాన్ ల్యాండిస్ 1981లో తీసిన యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్ గుర్తు చేస్తారు. అందులో తోడేలు చంపిన స్నేహితుడు శవంగా తిరిగొచ్చి మామూలుగా కబుర్లు చెబుతాడు, జోకులు కూడా వేస్తాడు. కానీ చూడండి, అతని వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. ప్రమాదమంతా తోడేలుది, అది ఒక్క క్షణం కూడా నవ్వించదు. పైగా ఆ శవం వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త కుళ్లి ఉంటుంది. మాట సరదాగా, ముఖం భరించలేనంతగా. మేకప్‌కు పోటీ విభాగంగా ఇచ్చిన మొదటి ఆస్కార్ రిక్ బేకర్‌కు ఈ సినిమాకే వచ్చింది. ఆ మేకప్‌లో ఎక్కడా వెటకారం లేకపోవడం వల్లే ఆ జోకులు నిలిచాయి.

మనదగ్గర 2017లో మహి వి. రాఘవ్ తీసిన ఆనందో బ్రహ్మ ఆశ్రయాన్ని పూర్తిగా తిరగేసింది. అక్కడ దెయ్యాలే మనుషుల్ని చూసి జడుసుకుంటాయి. వణికేది దెయ్యం కాబట్టి నవ్వు దెయ్యం దగ్గరికొచ్చింది. లెక్క సరిపోయింది.

ఇప్పుడు ఒక చిన్న సీను తీసుకుని, షాటుకు షాటు విప్పి చూద్దాం. కోనసీమలో పాత పెంకుటిల్లు. రాత్రి. కరెంటు లేదు. నడవలో చాపల మీద బావ, బావమరిది. వెనక దొడ్డి తలుపు తెరిచే ఉంది, దొడ్లో బావి. గిలక కీచుమంది.

"బావా, ఎవరో నీళ్లు తోడుతున్నారు."

"దాహమేసిందేమో, తోడుకోనీరా. పడుకో."

మళ్లీ కీచుమంది.

"తోడుకుంటే తోడుకున్నారు గానీ బావా... చేద మన దగ్గరే ఉంది."

ఆఖరి వాక్యంలో మొదటి సగం నవ్వుది, రెండో సగం భయానిది. ఆ బావమరిది వేసే నటుడు కళ్లు తిప్పుతూ, గొంతు వణికిస్తూ చెబితే రెండూ పోతాయి. ఇంట్లో సామాను లెక్క చెబుతున్నట్టు, నిజంగా సందేహమొచ్చినట్టు మెల్లగా చెప్పాలి. భయం వాడి గొంతులో కాదు, వాడు చెప్పిన సంగతిలో ఉంది.

ఈ డైలాగు పండాలంటే చేద అప్పటికే మన కంట్లో పడి ఉండాలి. ఎనిమిది, పది నిమిషాల ముందు, ఇంకా వెలుతురుండగా, బావ నీళ్లు తోడి, మంచుకు చేంతాడు నానిపోతుందని చుట్టచుట్టి చేదతో సహా దొడ్డి తలుపు పక్క మేకుకు తగిలిస్తాడు. అప్పుడు మాట్లాడేది వేరే విషయం, పొలం పంపకాలో పెళ్లి కబురో. చేద గురించి ఒక్క మాటా ఉండకూడదు. సీనుకు అర నిమిషం ముందు చూపిస్తే పథకం తెలిసిపోతుంది. అసలు చూపించకపోతే డైలాగు విన్నాక జనం "ఏ చేద?" అని ఆలోచిస్తారు. ఆలోచించేవాడు నవ్వడు.

ఇక కెమెరా. కామెడీకి మనిషి నిండుగా కనబడాలి, ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండాలి. హారర్‌కు ఫ్రేములో ఖాళీ కావాలి. ఈ రెండూ ఒకే షాటులో కుదరాలంటే ముందు మనుషులు, వెనక చేద, రెండూ స్పష్టంగా కనబడాలి. సినిమా కెమెరాల్లో మామూలుగా ఉండే సూపర్ 35 సైజు సెన్సర్ మీద 32 ఎంఎం లెన్సు పెట్టి, పది అడుగుల దగ్గర ఫోకస్ ఉంచామనుకోండి. ఎఫ్ 2.8లో, అంటే లెన్సు రంధ్రం బాగా తెరిచి ఉన్నప్పుడు, సుమారు ఎనిమిది అడుగుల నుంచి పన్నెండున్నర అడుగుల దాకానే స్పష్టంగా ఉంటుంది. రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 5.6కి వెళితే ఏడు నుంచి పదిహేడు అడుగుల దాకా వస్తుంది. చేదను పదహారు అడుగుల దగ్గర తగిలిస్తే అందులో పడుతుంది. దాని వెనకున్న బావి మసకగానే ఉంటుంది, ఉండనివ్వాలి. కాకపోతే 2.8 నుంచి 5.6 అంటే రెండు స్టాపులు, నాలుగు రెట్ల వెలుతురు కావాలి. చీకటి సీను కదా అని లైట్లు తక్కువ తెప్పించుకుంటే సెట్లో ఇరుక్కునేది ఇక్కడే. అప్పుడు కెమెరా వెలుతురును పట్టే కొలత ఐఎస్ఓను 800 నుంచి 3200కి పెంచుతారు, నీడల్లో చుక్కచుక్కలుగా గ్రెయిన్ పొర్లుతుంది. దానికంటే లైట్లు పెంచి, నడవ అంతా మామూలుగా వెలిగించి తీసి, తర్వాత రంగూ వెలుగూ సరిచేసే గ్రేడింగ్‌లో కిందికి దించడం మేలు.

డైలాగు అయ్యాక కట్ చెయ్యకూడదు. క్లోజప్‌కు వెళ్లారంటే "ఇప్పుడు నవ్వండి" అని వేలు చూపించినట్టే. ఆ షాటు అలాగే రెండున్నర సెకన్లు, అంటే 60 ఫ్రేములు నిలబడాలి. హాల్లో నవ్వు లేస్తుంది. అప్పుడు బావ ఏమీ మాట్లాడకుండా దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాడు. రెండో నవ్వు, చిన్నది. ఆ నవ్వు మూడొంతుల్లో రెండొంతులు అణిగాక మేకుకున్న చేద మెల్లగా ఊగడం మొదలుపెడుతుంది.

ఈ లెక్కకు కారణం ఊపిరి. నవ్వడమంటే ఊపిరి వదలడం, ఉలిక్కిపడటమంటే ఊపిరి పీల్చడం. నవ్వు మధ్యలో భయం పెడితే జనం గోలలో అది కొట్టుకుపోతుంది. నవ్వు పూర్తిగా ఆగి జనం సర్దుకుని కూర్చున్నాక పెడితే వాళ్లు కాచుకుని ఉంటారు. నవ్వు తోకలో, మళ్లీ ఊపిరి తీసుకునే చోట పెట్టాలి. చేద ఊగడం మాత్రం భయం కాదు, అద్భుతం. ఆనందవర్ధనుడు మధ్యలో నిలబెట్టమన్న మూడో రసం అదే. కనీసం 40 ఫ్రేములు అది ఊగాలి. అప్పుడు మేకు ఊడి ఇనప చేద గచ్చు మీద పడాలి.

చేదను ఊపడానికి చేపలు పట్టే సన్నటి నైలాన్ దారం చాలు. వెనక నుంచి లైటు పడితే దారం మెరుస్తుంది, కాబట్టి నల్ల మార్కర్‌తో రంగు పూసి, లైటు రాని పక్క నుంచి లాగాలి. లాగే మనిషికి నటుడి మాటే క్యూ కావాలి. కమెడియన్లు టేకు టేకుకీ కొత్త మాట కలుపుతారు, కలపనివ్వాలి కూడా, మంచి మాటలు చాలావరకు అలాగే పుడతాయి. కానీ ఆఖరి వాక్యం మాత్రం మారకూడదు. "చేద మన దగ్గరే ఉంది" అన్న మాట నుంచి అంకెలు లెక్కపెట్టి లాగాలి, లేకపోతే ఏ టేకులోనూ చేదా నవ్వూ కలవవు.

శబ్దం దగ్గర కొలతలు ఇంకా కచ్చితంగా ఉండాలి. పెద్ద చప్పుడు చెవిన పడ్డ 50 మిల్లీసెకన్లలోపే కన్ను మూతపడటం మొదలవుతుంది. సినిమాలో ఒక ఫ్రేము 42 మిల్లీసెకన్లు. అంటే చేద గచ్చును తాకిన ఫ్రేము తర్వాత వచ్చే కొన్ని ఫ్రేముల్ని హాల్లో చాలామంది చూడరు. చూపించాల్సింది అక్కడే పెట్టి వెంటనే కట్ చేస్తే అది వృథా. చప్పుడయ్యాక కనీసం 12 ఫ్రేములు బొమ్మ కదలకుండా ఉండాలి, కళ్లు తెరిచినవాడికి కనబడాలి. ఇంకొకటి: శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది. తెరకు వంద అడుగుల దూరంలో కూర్చున్న వరసకు అది చేరేసరికి రెండు ఫ్రేములు దాటిపోతాయి. ఎడిటింగ్ గదిలో బొమ్మకు సరిగ్గా సరిపోయిన చప్పుడు వెనక వరసలో ఆలస్యంగా వినబడుతుంది. అందుకే చప్పుడును చేద గచ్చును తాకిన ఫ్రేము మీదే పెట్టాలి, లేదా ఒక ఫ్రేము ముందు. ఆలస్యం మాత్రం కాకూడదు.

నిశ్శబ్దం అంటే సౌండ్ ట్రాక్ ఖాళీగా వదిలెయ్యడం కాదు. అలా చేస్తే హాల్లో ఏసీ హోరు వినబడుతుంది, సౌండు పోయిందేమోనని జనం వెనక్కి తిరిగి చూస్తారు. సీను మొదలైనప్పటి నుంచీ కీచురాళ్లు అరుస్తుండాలి. మొదటి గిలక చప్పుడుకు మూడు సెకన్ల ముందు అవి ఆగిపోవాలి. దూరంగా కుక్క మొరుగు, గదిలో ఉండే సన్నటి హోరు అలాగే ఉంటాయి. కీచురాళ్లు ఆగాయన్న సంగతి ఎవరూ గమనించరు, వీపు మాత్రం నిటారవుతుంది.

సంగీతం విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. హారర్ కామెడీకి హారర్ సంగీతమే చెయ్యాలి. బావమరిది డైలాగు కింద "టొయ్ఁ" అనే చప్పుడో, దొంగ అడుగుల్లాంటి తంత్రీ వాద్యమో పెడితే, ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ కాదని సంగీత దర్శకుడే హామీ ఇచ్చినట్టు. జోకు కింద ఏమీ పెట్టకపోవడమే జోకుకు చేసే సాయం.

ఉత్తుత్తి భయం, అంటే తీరా చూస్తే పిల్లి దూకింది అనే రకం, హారర్‌లో పుట్టిన కామెడీయే. 1942 నాటి క్యాట్ పీపుల్‌లో చీకటి రోడ్డు మీద నడిచే అమ్మాయి పక్కకు బస్సు బుస్సుమంటూ వచ్చి ఆగుతుంది. ఆ ఉపాయానికి హాలీవుడ్‌లో "బస్సు" అనే పేరే పడింది. ఉలికిపాటు, వెంటనే తేలిక నవ్వు. సినిమాకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు వాడొచ్చు. మూడోసారికి జనం పిల్లి కోసం చూస్తారు, దెయ్యం కోసం చూడరు.

తెలుగులో ఈ పని చెడగొట్టే చోటు ఇంకొకటి డబ్బింగ్ థియేటర్. మనకు సినిమా చాలావరకు తర్వాత డబ్బింగ్ చెప్పుకునేదే కాబట్టి, నటుడి వీపు కనబడిన చోటల్లా కొత్త జోకు కలిపే వీలుంటుంది. డబ్బింగ్ గదిలో ఉన్న నలుగురూ ఆ జోక్కి నవ్వుతారు. కానీ వాళ్లు ఆ మాట నింపిన ఖాళీ చేద ఊగడానికి దాచుకున్న ఖాళీ. దుప్పటి కింద నుంచి బావ "అమ్మా, ఆంజనేయా" అని గొణిగినా ఆ 40 ఫ్రేములూ పోయినట్టే. డబ్బింగ్ స్క్రిప్టులో ఆ చోట్ల ఎర్ర గీత కొట్టి, "ఇక్కడ మాట లేదు" అని రాసి పెట్టాలి. ఊపిరి శబ్దం కూడా వద్దు.

ఎడిటింగ్ గదిలో ఈ ఖాళీలన్నీ సాగినట్టే అనిపిస్తాయి. ఒక్కరే కూర్చుని వందోసారి చూస్తున్నవాళ్లకు నవ్వు రాదు కాబట్టి, 60 ఫ్రేములు 25 అవుతాయి. వంద మందికి పైగా ఉన్న హాల్లో ఒకసారి వేసి, జనం గోలను రికార్డు చేసి, ఆ ఆడియోను టైమ్‌లైన్ మీద సినిమా పక్కనే పరిచి చూడాలి. నవ్వు ఎక్కడ లేచింది, ఎన్ని ఫ్రేములకు అణిగింది, తర్వాతి డైలాగు దాని కింద నలిగిందా అన్నవి కంటికి కనబడతాయి. కథకు అవసరమైన మాట ఏదైనా నవ్వు కింద పడితే మాటను జరపాలి, నవ్వును కొయ్యకూడదు.

దెయ్యం చీర సంగతి. బాగా తెల్లగా ఉన్న చీర చీకటి సీన్లో రిఫ్లెక్టర్‌లా వెలుగుతుంది, ముఖం నల్లబడి చీర ఒక్కటే నడుస్తున్నట్టుంటుంది. అది చూస్తే నవ్వొస్తుంది, మనకు అక్కర్లేని చోట. టీ డికాషన్‌లో ముంచి ఆరేస్తే తెలుపు విరిగి పాత కోరా రంగుకు వస్తుంది, కెమెరాకు తెల్లగానే కనబడుతుంది. నెత్తురుకు మిఠాయి వాళ్లు వాడే గ్లూకోజ్ సిరప్ తీసుకుని, ఎర్ర ఫుడ్ కలర్, నీలం ఒకటి రెండు చుక్కలు, కాస్త నీళ్లలో కలిపిన కోకో పొడి వెయ్యాలి. కోకో లేకపోతే అది రోజ్‌మిల్క్ సిరప్‌లా వెలుగు లోపలికి పోనిస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపితే బట్టల మీంచి తేలిగ్గా వదులుతుంది, అయితే నోటి దగ్గర వాడే నెత్తురులో అది కలపకూడదు. మోతాదు కూడా రసాన్ని మారుస్తుంది. గడప మీద చెంచాడు నెత్తురు భయపెడుతుంది. అదే గోడల నిండా బిందెలతో గుమ్మరిస్తే నవ్వొస్తుంది. శామ్ రైమీ 1987లో ఈవిల్ డెడ్ 2లో నెత్తురును అలా వరదగా పారించి నవ్వు పుట్టించాడు, తెలిసే చేశాడు. తెలియకుండా బిందె ఎత్తితేనే ముప్పు.

సెకండాఫ్‌లో వచ్చే ఫ్లాష్‌బ్యాక్ మన సినిమాలకు పెద్ద పరీక్ష. దెయ్యం ఎక్కువసార్లు అన్యాయమైపోయిన ఆడపిల్ల. ఆమె కథ కరుణ. విశ్వనాథుడు చెప్పిన రెండో శత్రువు ఇక్కడ ఎదురవుతుంది. పావుగంట ఏడిపించి, అది అవగానే అదే దెయ్యంతో కమెడియన్‌ను మళ్లీ గదుల చుట్టూ పరిగెత్తిస్తే చూసేవాళ్లకు మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. ఫ్లాష్‌బ్యాక్‌ను ఆరేడు నిమిషాలకు కుదించండి. అందులో కమెడియన్ ఉండొద్దు. అయ్యాక ఒక నిదానమైన సీను పెట్టండి. ఆ తర్వాత నవ్వు రావాలంటే భయపడేవాడి మారిన ప్రవర్తనలోంచి రావాలి. ఇందాకటి బావమరిదే ఈసారి చేదకు చేంతాడు కట్టి, బావి గట్టు మీద పెట్టి, దొడ్లోకి తలొంచి "అక్కా, చేద అక్కడే పెట్టాను" అని లోపలికి పరిగెత్తుకొస్తే నవ్వొస్తుంది. ఆమె పరువూ నిలబడుతుంది.

ఫైనల్ మిక్స్ అయ్యాక ఒక పని తప్పకుండా చెయ్యండి. మిక్సింగ్ థియేటర్లో సౌండు పెంచే, తగ్గించే ఫేడర్ 7 దగ్గర ఉంటుంది, సినిమా కొలతలన్నీ దానికే. బయట చాలా హాళ్లలో సౌండు ఎక్కువైందని 5కి దించేస్తారు. ఒక్కో అంకెకు సుమారు 3.3 డెసిబెల్స్, అంటే రెండంకెలకు ఆరున్నరకు పైనే తగ్గిపోతుంది. చేద గచ్చు మీద పడ్డ చప్పుడు 5లో కూడా వినబడుతుంది, దానికేం ఢోకా లేదు. పోయేది గిలక కీచు. అది పోతే బావమరిది ఎందుకు లేచి కూర్చున్నాడో హాల్లో ఎవరికీ తెలియదు. అందుకే ఆ రీలు ఒక్కటి ఫేడర్ 5లో పెట్టి, ఏసీ వేసి, వెనక వరసలో కూర్చుని వినండి. గిలక వినబడకపోతే రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. చేద చప్పుడు ముట్టుకోవద్దు.